ఇరవై మోపులు, నాలుగు సగటులు

నాలుగు సగటులూ ఒకటే వచ్చాయి. ముందు నా కళ్ళను అనుమానించాను, తర్వాత లాప్‌టాప్‌ను, ఆ తర్వాత వరుసపెట్టి మనుషులను. నన్ను నేను అనుమానించుకోవాలన్న సంగతి చాలా ఆలస్యంగా తోచింది. నా తీరే అంత. కూర మాడితే పొయ్యిని తిట్టే రకం నేను.

అప్పట్లో సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెప్తూ, వ్యవసాయంలో పిహెచ్‌డి చేస్తున్నాను. చేస్తున్నాను అనడం కన్నా ఈడుస్తున్నాను అనడం న్యాయం. ఆరేళ్ళయింది. "ఇంకా అయిపోలేదా?" అని అడిగే చుట్టాలు కూడా విసుగొచ్చి అడగడం మానేశారు. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు వచ్చే వేసవి చివర. ఆలోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

థీసిస్‌లో మిగిలింది ఒక్క ప్రయోగం. వరికి యూరియా ఎంత వేస్తే ఎంత పండుతుంది అన్నది. త్రిపురారం దగ్గర ఎడమ కాల్వ కింద ఒక రైతు అరెకరం ఇచ్చాడు. అందులో ఇరవై చిన్న మడులు కట్టించాను. ఐదింటికి యూరియా అసలు వేయలేదు. ఐదింటికి సగం మోతాదు, ఐదింటికి పూర్తి, ఐదింటికి ఒకటిన్నర. ఏ మడికి ఏది అనేది చీటీలు తీసి తేల్చాను. నా ఇష్టం వచ్చినట్టు పంచితే మంచి నేలంతా ఒక మోతాదుకే పోయే ప్రమాదం ఉంటుంది. ఆ వానాకాలం నేను చూస్తుండగానే యూరియా లేని మడులు పాలిపోయి నిలబడ్డాయి, ఒకటిన్నర వేసినవి నల్లబడేంత పచ్చగా పెరిగాయి. ఇంత తేడా కళ్ళకే కనిపిస్తుంటే లెక్కలు ఎందుకని కూడా అనుకున్నాను.

ఇప్పుడు వరికోత అంటే మిషనే. గంటలో ఎకరం ఊడ్చుకొని పోతుంది. కానీ మిషన్‌కు నా మడులూ నా గట్లూ పట్టవు. కొడవలి పట్టేవాళ్ళు కావాలి. ఊరంతా వెతికితే పదిమంది ఆడవాళ్ళు దొరికారు, అందరూ యాభై దాటినవాళ్ళే. వాళ్ళకు ముందుండి నడిపే ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పని తేలికే. ఒక్కో మడి కోసి ఒక్కో మోపు కట్టాలి, నేనిచ్చిన నంబరు చీటీ దానికి కట్టాలి, నెత్తిన పెట్టుకొని కాల్వ దాటి రోడ్డు పక్క కల్లానికి తేవాలి. కల్లంలో కాటా పెట్టుకొని నేను కూర్చుంటాను. ఏ మోపుకు ఆ మోపు దులిపి, వచ్చిన వడ్లు తూచి రాసుకుంటాను. ఎన్ని జాగ్రత్తలు చెప్పానో! చీటీలు మారొద్దని, ఒక్క కంకి కిందపడొద్దని, గట్టు పక్క వరస కోయొద్దని. చెప్పిందే చెప్తుంటే పెద్దమ్మ కొడవలి నూరుకుంటూ, "మాకు శెవులున్నయ్ బిడ్డా" అంది.

కాలేజీలో పరీక్షల హడావుడి అయ్యాక డిసెంబరులో ఒకరోజు, కోతప్పుడు ఒకదానితో ఒకటి పోల్చి చూడకుండా రాసుకున్న ఆ అంకెలన్నీ లాప్‌టాప్‌లో ఎక్కించాను. యూరియా లేని మడుల సగటు, సగం వేసినవాటి సగటు, పూర్తివి, ఒకటిన్నరవి. నాలుగూ పక్కపక్కన నిలబడితే కవల పిల్లల్లా ఉన్నాయి. మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ అంతే. నోట్‌బుక్ తీసి కాగితం మీద కూడి భాగించాను. అంతే. పాలిపోయిన మడులు పచ్చటి మడులతో సమానంగా పండటమేమిటి? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, లాప్‌టాప్ చెప్పిందని నమ్మి రాసుకోవాలా?

ఇటువంటి చోట వాడే లెక్కను అనోవా అంటారు. తెలుగు మీడియం పుస్తకాల్లో విస్తృతి విశ్లేషణ అని ఉంటుంది. రెండు గుంపుల సగటులు పోల్చడానికి వేరే పరీక్ష ఉంది కానీ, నాలుగు గుంపులను జతలు జతలుగా పోల్చుకుంటూ పోతే ఆరు పోలికలవుతాయి. పోల్చిన ప్రతిసారీ లేని తేడాను ఉందనుకునే ప్రమాదం పెరుగుతూ పోతుంది. అందుకే అన్నింటినీ ఒకేసారి పోల్చాలి. ఈ మాటలు పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అర్థం చేసుకున్నానా అంటే, అది వేరే సంగతి. ఒక ఆదివారం కాగితాలు సంచిలో పెట్టుకొని కోదాడ బస్సెక్కాను. అక్కడ ఒక రిటైర్డ్ స్టాటిస్టిక్స్ మాస్టారు ఉండేవారు. ఆయన దగ్గరికి నాలాంటి దారి తప్పిన వాళ్ళు వస్తూ ఉండేవారు.

ఆయన ముందు టీ ఇప్పించారు, తర్వాత టీ మీదనే పాఠం మొదలుపెట్టారు.

"చూడమ్మా, సూర్యాపేట బస్టాండులో ఐదు కొట్లలో టీ తాగావనుకో. కోదాడలో ఐదు, మిర్యాలగూడలో ఐదు. ఏ ఊరి టీ తీపి ఎక్కువో చెప్పాలి. ఏం చూస్తావు?"

"ఒక్కో ఊరి సగటు చూస్తాను సార్."

"సగటు చూసి మోసపోతావు. ఒకే ఊళ్ళో కొట్టుకీ కొట్టుకీ తీపి ఎంత మారుతోందో అది కూడా చూడాలి. ఊరికీ ఊరికీ మధ్య తేడా, దానికంటే బాగా ఎక్కువ ఉంటేనే ఊరి పేరెత్తాలి. లేకపోతే అది ఊరి తీపి కాదు, చెంచా తీపి. ఆ రెండు తేడాల నిష్పత్తే నీ అనోవాలో వచ్చే ఎఫ్ అనే అంకె. అది ఒకటికి అటూ ఇటూ ఉంటే నోరు మూసుకోవాలి. బాగా పెద్దదైతే మాట్లాడాలి."

టీ కప్పు చేతిలో ఉండటం వల్లనో ఏమో, ఆ క్షణానికి అంతా అర్థమైంది. నా కాగితం ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చాలాసేపు చూశారు.

"మోతాదుల మధ్య తేడా లేదు. సరే. కానీ ఒకే మోతాదు వేసిన ఐదు మడుల మధ్య కూడా తేడా లేదేమ్మా? ఒక మడికి నీళ్ళు ముందందుతాయి, ఒక దాన్ని ఎలుకలు కొడతాయి, ఒకచోట చౌడు ఉంటుంది. మట్టి ఇంత బుద్ధిగా ఉండదు." కాగితం మడిచి నా వైపు జరిపారు. "ఇవి పొలంలో పుట్టిన అంకెలు కావు. ఎక్కడ కూర్చుని రాశావు?"

నా ఒళ్ళు మండింది. ఎండలో కాటా దగ్గర కూర్చుని, తేమ చూసి, పొల్లు తీసి, ఒక్కో గింజా తూచి రాసుకున్న అంకెలవి. ఆ మాటే గట్టిగా అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "అయితే పొలంలో ఏదో జరిగింది. వెళ్ళి కనుక్కో" అన్నారు. బస్టాండుకు నడుస్తూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. సగం దూరం పోయాక అనుమానం మొదలైంది. ఆయన చెప్పింది నిజమే. తేడా లేకపోవడం ఒక వింత. అసలు ఏ తేడా ఎక్కడా లేకపోవడం అంతకన్నా పెద్ద వింత.

దొంగను బస్సులోనే కనిపెట్టాననుకున్నాను. ఇంకెవరు, పొలం ఇచ్చిన రైతే. ఆయన కుటుంబానికి తరాలుగా భూములున్నాయి, మిర్యాలగూడలో ఎరువుల దుకాణం కూడా ఉంది. యూరియా లేని మడులను చూసి ఆయన మొహం మాడ్చుకునేవాడు. నేను లేనప్పుడు నాలుగు గుప్పిళ్ళు చల్లించి ఉంటాడు. సంక్రాంతి సెలవులు ఇవ్వగానే మిర్యాలగూడ వెళ్ళి, ఆయన దుకాణం గడప తొక్కీ తొక్కక ముందే అడిగేశాను.

"అన్నా, నిజం చెప్పు. ఆ మడులకు యూరియా వేయించినవా?"

ఆయన బస్తాల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. "అవి రోడ్డుకే కనబడ్తయ్ మేడం. పోయేటోడల్లా బండి ఆపి, పైరుకు జ్వరమొచ్చిందా అని అడిగిండు. నా ఇజ్జత్ పోయింది. ఏపిద్దామనే అనిపించింది. కానీ మాటిచ్చిన గద, ఏపియ్యలే. ఏపిస్తే అవి పచ్చగ కావద్దా? కోసేదాంక ఎట్లున్నయో నువ్వు సూడలే?"

చూశాను. కోత రోజు వరకూ అవి పసుపు రాసుకున్నట్టే ఉన్నాయి. ఫోన్‌లో ఫొటోలు కూడా ఉన్నాయి. ఇంత చిన్న సంగతి నాకు తోచకుండా ఒక మనిషికి దొంగతనం అంటగట్టినందుకు తల ఎత్తలేకపోయాను. ఆయనే జాలిపడి, "కోసినోళ్ళను అడుగరాదు? గాడ నాట్లేస్తున్నరు" అన్నాడు.

త్రిపురారం దాటాక కాల్వ పక్క మడిలో ఆ పదిమందీ వంగి నాట్లు వేస్తున్నారు. చెప్పులు విప్పి గట్టు మీద కూర్చున్నాను. పెద్దమ్మ బురద చేతులతోనే వచ్చి పక్కన కూర్చుంది. కోత రోజు ఏం చేశారో మొదటి నుంచి చెప్పమన్నాను. కోసినం అంది. మోపులు కట్టినం అంది. చీటీలు కట్టినం అంది. నేను చెప్పిన జాగ్రత్తలన్నీ వరుస తప్పకుండా నాకే అప్పజెప్పింది.

"ఇగ అన్నీ కట్టినంక, జర సరి జేసుకొని ఎత్తుకున్నం."

"సరి జేసుకొని అంటే?"

"గదేంది బిడ్డా, మోపులు సరి జేసుకోమా? ఒక మోపు బండ లెక్క ఉండె, ఒకటి దూది లెక్క ఉండె. బరువు దాంట్లకెల్లి పిడికెళ్ళు గుంజి తేలిక దాంట్ల పెట్టినం. ఎత్తి సూసుడు, పెట్టుడు. అన్ని మోపులు ఒక్క తీరు అయినంకనే లేసినం."

పెద్దమ్మ నా మొహం చూసి కంగారుపడింది.

"సీటీలు మాత్రం మారలే బిడ్డా. ఏ మోపు సీటీ ఆ మోపుకే ఉన్నది. ఒట్టు."

మడిలో ఉన్నవాళ్ళంతా నడుము ఎత్తి, అవునంటే అవునన్నారు. మిషన్లు రాకముందు, వాళ్ళ చిన్నతనం నుంచీ అదే పద్ధతి. మోపులు సరి చేయకుండా లేస్తే తగాదాలయ్యేవట. ఒకామె కడుపుతో ఉంటుంది, ఒకామె కొత్త కోడలై ఉంటుంది, ఒకరి నెత్తి మీద కొండా ఇంకొకరి నెత్తి మీద దూదీ పెట్టడం తప్పని వాళ్ళకు తెలుసు. అది ఎంత మామూలు సంగతంటే, చేస్తున్నామని నాకు చెప్పాలని కూడా వాళ్ళకు తోచలేదు. చేయొద్దని చెప్పాలని నాకు తోచనట్టే.

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. సగటు అంటే ఏమిటి? ఎక్కువున్న దాంట్లోంచి తీసి తక్కువున్న దాంట్లో కలిపి, అందరికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుందో అదే కదా. నేను కాగితం మీద చేసే పనిని వాళ్ళు నాకన్నా ముందే గట్టు మీద చేసేశారు. వాళ్ళు సగటు తీసి పంపిన మోపులకు నేను మళ్ళీ సగటు తీసి, తేడా ఏదని వెతుక్కున్నాను. నేను వెతికిన తేడా మొత్తం వాళ్ళ మెడల మీద పడాల్సిన బరువు. వాళ్ళు చేసింది తప్పా? నా థీసిస్‌కు తప్పు. మరి వాళ్ళకు? ఆ గట్టు మీద కూర్చున్నంతసేపూ ఈ రెండు ప్రశ్నలూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి, ఏదీ గెలవలేదు.

సూర్యాపేట గదికి వచ్చాక ఇంకో పని చేశాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ మడులు నిజానికి ఎంత పండి ఉంటాయో నాకు తెలుసు అనుకున్నాను. పాలిపోయినవాటికి కాస్త తగ్గించాను, పచ్చటివాటికి కాస్త పెంచాను. మధ్య మధ్య ఎలుకలూ చౌడూ కూడా పెట్టాను. ఎఫ్ ఎంచక్కా పెరిగింది. పక్కన చుక్క గుర్తు కూడా పడింది, తేడా ఉందని ఒప్పుకున్నట్టు. పావుగంట కూడా పట్టలేదు. ఆరేళ్ళ బరువు దిగిపోయినట్టే అనిపించి, ఆ వెంటనే భయమేసింది. "ఎక్కడ కూర్చుని రాశావు?" అన్న మాట నేనిప్పుడు నిజం చేస్తున్నాను. సూర్యాపేటలో, కిరాయి గదిలో, మంచం మీద కూర్చుని రాశాను. దాన్ని చెరిపేసి మా గైడ్ మేడమ్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె నవ్వుతారో తిడతారో తెలియక చెవి దగ్గర ఫోన్ గట్టిగా పట్టుకున్నాను. ఆమె రెండూ చేయలేదు. "యాసంగి పంటకు మళ్ళీ వెయ్. గడువు అందితే అందుతుంది, లేకపోతే లేదు" అన్నారు.

అందింది, డిగ్రీ కూడా వచ్చింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది అది కాదు.

రైతు గొణుక్కుంటూనే అదే అరెకరం మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ ఇరవై మడులు, మళ్ళీ చీటీలు. యాసంగి కోతకు వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది. ఈసారి నేను కల్లంలో కూర్చోలేదు, గట్టు మీదే ఉన్నాను. మోపులన్నీ కట్టాక చేతులు జోడించాను. "ఈసారి సరి చెయ్యొద్దు పెద్దమ్మా. ఏ మడిది ఆ మడికే ఉండాలె. అన్నీ కలిస్తే నా చదువు ఖతం."

"మరి గా బండలెవరు ఎత్తుకోవాలె?" అని ఒకామె అడిగింది. బరువు మోపును రెండు చేద్దామన్నాను. "అప్పుడు ఒకరికి రెండు తిరుగుళ్ళు, ఒకరికి ఒక్కటి. అదేం న్యాయం?" అంది ఇంకొకామె. నాలుగు గుంపుల లెక్క చేయడానికి నాకు లాప్‌టాప్ కావాలి. పెద్దమ్మ నడుము మీద చేతులు పెట్టుకొని మోపుల వైపు ఒకసారి చూసి తేల్చేసింది.

"యూరియా లేని మోపు ఎత్తినోళ్ళే సగం ఏసిన మోపు గూడ ఎత్తాలె. గట్ల ఐదుగురికి రెండు తిరుగుళ్ళు. పూర్తి ఏసిన మోపు ఎత్తినోళ్ళకు ఒక్కటే తిరుగుడు, గట్ల ఐదుగురు. ఇగ మిగిలినయి ఒకటిన్నర ఏసినయి ఐదు." నా వైపు తిరిగింది. "లెక్క నీది గద బిడ్డా. నువ్వే మొయ్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తను నిజంగానే అంటోందని తెలిసేదాకా. తుండుగుడ్డ చుట్టగా చుట్టి నా నెత్తిన పెట్టింది. ఇద్దరు మోపు ఎత్తి దాని మీద ఉంచారు. మెడ భుజాల్లోకి దిగిపోయినట్టయింది. గడ్డి చెవుల్లో గుచ్చుకుంటోంది, ముందు దారి కనిపించడం లేదు, కాల్వ మీద సిమెంటు దిమ్మె దాటుతుంటే కింద నీళ్ళు తిరుగుతున్నాయి. కల్లంలో మోపు పడేసి కూలబడ్డాను. ఇంకా నాలుగున్నాయి. రెండోది తెచ్చేసరికి ఏడుపొచ్చింది. నొప్పికి కొంత, సిగ్గుకు కొంత. ఇన్నేళ్ళు బరువులు రాసుకున్నాను, ఒక్క మోపు ఎత్తి చూడలేదు.

ఐదోది నెత్తిన పెట్టగానే తేడా తెలిసింది. తేలికగా ఉంది. పది అడుగులు వేశాక ఎందుకో తట్టింది. జాలిపడి తీసేశారు! మళ్ళీ ఎందులోనో కలిపేశారు! మోపుతోనే వెనక్కి తిరగబోయి తూలాను. "పెద్దమ్మా, తీసినవా? నిజం చెప్పు, తీసినవా?" అని అరిచాను.

"తీసిన" అంది నా వెనక నుంచి. నా వెంటే వస్తోంది. "నీ కాళ్ళు వణుకుతున్నయ్. కాల్వల పడ్తవని నాలుగు పిడికెళ్ళు తీసిన. పరేషాన్ గాకు. దేంట్ల కలపలే."

కల్లంలో మోపు దించి చూశాను. ఆమె చంకలో చిన్న కట్ట ఉంది, గడ్డితో బిగించి. దానికొక కాగితం ముక్క. గట్టు మీద ఉండగానే నా సంచిలోంచి పెన్ను తీసుకొని, మోపుకున్న చీటీ చూసి, అందులో ఎట్లా ఉంటే అట్లా పదిహేడు అంకె గీసింది. ఆమెకు చదువు రాదు. ఒకటి నిటారుగా ఉంది, ఏడు కొంచెం పడిపోయినట్టుంది. బరువు తీయాలి కానీ కలపకూడదు. ఆ ఉపాయం మా ఇద్దరిలో నాకు రావాల్సింది.

మోపును దులిపి తూచాను. ఆ చిన్న కట్టను విడిగా దులిపి, విడిగా తూచాను. రెండూ కలిపి పదిహేడో మడి ఎదురుగా రాస్తుంటే పెద్దమ్మ నా భుజం మీంచి నోట్‌బుక్‌లోకి వంగి చూసింది.

"నేను గీసింది సరిగ్గనే ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.